గెర్హార్డ్ పోల్ట్ అనే కబరే కళాకారుడికి, జర్మనీ దక్షిణాన మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రం మనిషికి, ఇన్నేళ్ళుగా అంత పేరెందుకు? మ్యూనిక్‌లో ఉండే తెలుగువాళ్ళకు ఆయన అర్థమవుతాడా?

రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను, మొదటిదానికి దారి కూడా అదే. అర్థమవుతాడు. కాకపోతే బీ2 క్లాసులో, అంటే మధ్యస్థాయి దాటినవాళ్ళకు, నేర్పే జర్మన్‌తో కాదు. నాది వరంగల్ పక్కన పల్లె, మ్యూనిక్ వచ్చి చాలా ఏళ్ళయింది. ఆఫీసు మీటింగుల్లో నా జర్మన్ బాగానే నడిచేది. లంచ్ టేబుల్ దగ్గర మాత్రం ఇక్కడివాళ్ళంతా తమ యాసలోకి దిగిపోయేవాళ్ళు. మధ్యలో ఎవరో ఒక ముక్క అంటారు, మిగతావాళ్ళు దాన్ని పూర్తి చేసి పడీపడీ నవ్వుతారు. మన దగ్గర బ్రహ్మానందం డైలాగ్ ఒకరు అందుకుంటే నలుగురు పూర్తి చేస్తారే, అచ్చం అలాగే. ఆ ముక్కల్లో చాలావరకు పోల్ట్‌వేనని మా హౌస్ ఓనరమ్మ చెప్పాక తెలిసింది. డెబ్భై దాటిన పెద్దావిడ, తన దగ్గరున్న పాత డీవీడీలు ఇచ్చి "నువ్వు క్లాసులకు డబ్బు తగలేసే బదులు ఇవి చూడు" అంది.

కబరే అనగానే మనకు జ్యోతిలక్ష్మి, జయమాలిని గుర్తొస్తారు కాబట్టి ఒక మాట. జర్మనీలో ఆ పేరుతో నడిచేది మాటల ప్రదర్శన. వేదిక మీద ఒక మనిషి, ఒక కుర్చీ, అవసరమైతే చేతిలో బీరు గ్లాసు. రాజకీయం, చర్చి, అద్దెలు, ఇరుగుపొరుగు, ఏదైనా సరుకే. జనం టికెట్టు కొనుక్కుని కూర్చుని వింటారు.

అందులో పోల్ట్ ప్రత్యేకత ఏమిటంటే, ఆయన జోకులు వెయ్యడు. ఎవరినీ పేరుపెట్టి తిట్టడం కూడా తక్కువే. ఒక మనిషిగా మారిపోతాడు: ఊరి కౌన్సిలర్, కొడుకుని టెన్నిస్ ఛాంపియన్ చెయ్యాలనుకునే తండ్రి, పక్కింటివాడి మీద కేసు వేసిన పెద్దమనిషి. ఆ మనిషి చాలా మర్యాదగా, తాను ఎంత మంచివాడో చెప్పుకుంటూ పోతాడు. చెప్పేకొద్దీ లోపలున్న కుళ్ళంతా దానంతటదే బయటపడుతుంది. తప్పు పట్టే పని పోల్ట్ చెయ్యడు, వినేవాళ్ళకే వదిలేస్తాడు. గొంతులో విసురు పెరగడం, వాక్యం మధ్యలో ఆగి గాలి పీల్చడం, కళ్ళు ఒక్క క్షణం పక్కకు తిప్పడం, ఇంతే ఆయన సామగ్రి.

పుట్టింది 1942 మే 7న, మ్యూనిక్‌లో. బాల్యం చాలావరకు ఆల్ట్యోటింగ్‌లో. మేరీమాత గుడి ఉన్న పెద్ద పుణ్యక్షేత్రం అది, యాత్రికులతో నిత్యం కళకళలాడే ఊరు. భక్తి, వ్యాపారం ఒకే వీధిలో నడవడం చిన్నప్పుడే చూసినవాడికి ఇంకే శిక్షణ కావాలి! యాసలో మాట్లాడతాడని పల్లెటూరి అమాయకుడనుకోకండి. మ్యూనిక్‌లో రాజనీతిశాస్త్రం, చరిత్ర, కళాచరిత్ర చదివాడు. తర్వాత స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ వెళ్ళి స్కాండినేవియా భాషలు చదివాడు. ఇన్ని భాషల మీద చెవి వేసినవాడు కాబట్టే సొంత ఊరి మాటని బయటివాడిలా వినగలిగాడని నాకనిపిస్తుంది.

వేదిక ఎక్కేసరికి ముప్పై దాటాయి. 1970ల మధ్యలో హన్స్ క్రిస్టియాన్ ముల్లర్‌తో కలిసి రేడియో నాటికతో మొదలు. మ్యూనిక్‌లో ఒక పాత ఇంట్లోంచి అద్దెవాళ్ళను ఖాళీ చేయించే కథ. ఇవాళ ఇదే నగరంలో ఒక టూ రూమ్ ఫ్లాట్ కోసం శనివారాలన్నీ ధారపోసే మనవాళ్ళకు ఆ విషయం వివరించక్కర్లేదు.

అసలు పేరు తెచ్చింది టీవీ. 1979లో మొదలై బవేరియా ప్రాంతీయ ప్రసార సంస్థ బయెరిషర్ రుండ్‌ఫుంక్‌లో 12 భాగాలుగా ఒక సీరియల్ వచ్చింది, ‘ఫాస్ట్ వియా ఇమ్ రిష్టిగెన్ లేబెన్’ అని. దాదాపు నిజజీవితంలో లాగే అని అర్థం. ఒక కథగా సాగదు, చిన్న చిన్న సన్నివేశాలు. పక్కన గీజెలా ష్నేబెర్గర్ ఉంటుంది. పోల్ట్ గురించి రాసేవాళ్ళు ఆవిడని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు, అది నాకు నచ్చదు. ఆయన రెచ్చిపోయి మాట్లాడుతున్నప్పుడు పక్కనే నోరు కదపకుండా భార్యగానో ఆఫీసరుగానో కూర్చుని ఆవిడ చూసే చూపు లేకపోతే ఆ సన్నివేశాల్లో సగం తేలిపోయేవి.

ఇందులో మనకు గుచ్చుకునేది ‘మాయ్ లింగ్’. ఒక మధ్యతరగతి జర్మన్ పెద్దమనిషి సోఫాలో కూర్చుని, తాను బ్యాంకాక్ నుంచి డబ్బు కట్టి తెప్పించుకున్న భార్యను మనకు చూపిస్తుంటాడు. ఎంతయింది, ఎలా చూసుకోవాలి, ఇంట్లో ఎంత శుభ్రంగా ఉంటుంది అని కొత్త ఫ్రిజ్ కొన్నవాడిలా చెప్తాడు. ఒక్క దుర్మార్గపు మాట అన్నట్టు అతనికే తెలియదు. ఆమె పక్కనే ఉంటుంది, ఆమెకు మాట లేదు.

మొదటిసారి దీన్ని ఆఫీసు మిత్రుల మధ్య చూశాను. వాళ్ళు నవ్వుతున్నారు. ఆ గదిలో ఆసియా ముఖం నాదొక్కడిదే. వీళ్ళు నవ్వేది అతన్ని చూసా, ఆమెని చూసా అని నాకు తేలలేదు. పోల్ట్ పద్ధతిలో ఉన్న ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది. ఆయన తీర్పు చెప్పడు కాబట్టి, తీర్పు చెప్పడం చేతకానివాడు కూడా హాయిగా నవ్వుకోవచ్చు. థాయ్ రెస్టారెంట్లో కూర్చుని ఆ డైలాగులు మామూలు జోకులుగా వాడేవాళ్ళని కూడా చూశాను. ఆమెకొక్క మాటైనా ఇచ్చి ఉండాల్సింది అని ఇప్పటికీ అనుకుంటాను.

అయినా ఆ సన్నివేశమే నాకు ఆయన్ని అర్థం చేయించింది. ఆ ఏడాది ఇండియా వెళ్ళినప్పుడు చుట్టాలింట్లో పెళ్ళిచూపుల మాటలు నడుస్తున్నాయి. మా పెదనాన్న వరసాయన కాబోయే కోడలి గురించి చెప్తున్నాడు: పిల్ల నోట్లో నాలుక లేదు, పని బాగా వస్తుంది, అమెరికాలో పనిమనుషులు దొరకరు గదా అని. చాలా ప్రేమగా చెప్తున్నాడు, మిఠాయి తింటూ. ఆ అమ్మాయి కూడా గదిలోనే ఉంది. అచ్చం పోల్ట్ గొంతే వినిపించింది నాకు, ఆ ఆగడంతో సహా. జర్మన్ మాటలు కొన్ని అటూ ఇటూ పోయినా ఆ రోజు నుంచి ఆయన మనుషులు నాకు పరాయివాళ్ళు కాలేదు.

సినిమాల్లో రెండు చెప్తాను. 1983 నాటి ‘కేరావుస్’లో ఆయన ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్. ఏజెంటు మాయమాటలు చెప్పి అవసరం లేని పాలసీలన్నీ అంటగడితే, వాటిని రద్దు చేయించుకోడానికి ఇన్సూరెన్స్ కంపెనీకి వెళ్తాడు. అక్కడేమో అందరూ కార్నివాల్ వేషాల హడావిడిలో ఉంటారు. 1988 నాటి ‘మాన్ ష్ప్రిష్ట్ డాయిచ్’ ఇంకా బాగుంటుంది. ఇటలీలో టెర్రచీనా సముద్రతీరంలో లోఫ్లర్ కుటుంబం సెలవుల ఆఖరి రోజు, అంతే కథ. చుట్టూ జర్మన్లే, గొణుగుడంతా ఇటాలియన్ల మీద. రైస్ కుక్కర్, ఆవకాయ సీసా డిక్కీలో వేసుకుని వెనిస్ వెళ్ళి, "ఇక్కడ తిండి బాలేదు బ్రో" అనుకుంటూ తిరిగొచ్చే మన వాట్సాప్ గ్రూపు ట్రిప్పులు ఎవరైనా ఇలా తీస్తే బాగుండు.

ఇప్పుడు ఆ టీవీ సంగతి. జర్మనీలో ఉండే తెలుగువాళ్ళందరం నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము కట్టమని ఉత్తరం రాగానే "మనం టీవీయే చూడం గదా" అని గొడవ పెట్టుకున్నవాళ్ళమే. ఇంటికింత అని వసూలు చేసే ఆ డబ్బుతోనే ఈ ప్రాంతీయ సంస్థలు నడుస్తాయి. అవి కలిసి జాతీయ ఛానల్ నడుపుతాయి, విడిగా తమ ప్రాంతం కోసమూ తీస్తాయి. ప్రకటనల లెక్క చూసుకునే ఛానల్ అయితే పక్క రాష్ట్రం వాడికి సగం అర్థం కాని యాసలో సీరియల్ తీసేదా? పోల్ట్ లాంటివాడి కెరీర్ ఈ ఏర్పాటు మీదే నిలబడింది.

అలాగని అది పుట్టిల్లంత సౌఖ్యమూ కాదు. డీటర్ హిల్డెబ్రాంట్ బెర్లిన్ ప్రసార సంస్థ కోసం ‘షైబెన్‌విషర్’ అనే వ్యంగ్య కార్యక్రమం నడిపేవాడు. పోల్ట్ కూడా అందులో కనిపించేవాడు. 1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం మీద ఆ కార్యక్రమం వచ్చినప్పుడు దేశమంతా చూసింది, బవేరియాలో మాత్రం బయెరిషర్ రుండ్‌ఫుంక్ ప్రసారం ఆపేసింది. పోల్ట్‌తో కలిసి పాడే వెల్ సోదరుల బృందం బియర్‌మ్యోజ్‌ల్ బ్లోజన్ బవేరియా గీతానికి పేరడీ కట్టినందుకు కొన్నాళ్ళు అదే సంస్థకు దూరమైంది. 1980లో పోల్ట్‌కి హాస్యవ్యంగ్య కళల పురస్కారం ఇచ్చిన కార్యక్రమంలో, ఒక రాజకీయ నాయకుడి ప్రస్తావన తేవద్దన్నారని ఆయన తనకిచ్చిన పది నిమిషాల్లో ఎక్కువ భాగం నోరు విప్పకుండా వేదిక మీద ఉండిపోయాడు. టీవీలో పది నిమిషాల మౌనం ఎంత పొడుగ్గా ఉంటుందో ఊహించుకోండి.

టీవీ వద్దన్నా హాలు ఉంది, ఇది గమనించాల్సిన విషయం. ఇక్కడి కబరేవాళ్ళకు తిండి పెట్టేది చిన్న ఊళ్ళ సభాభవనాలు, హోటళ్ళ వెనక హాళ్ళు. టీవీ వల్ల ముఖం తెలుస్తుంది, ముఖం తెలిస్తే ఆ హాళ్ళు నిండుతాయి. లూయీజె కిన్‌జెహర్‌ని చూడండి. ‘మ్యూనిక్ 7’ అనే సీరియల్‌లో పోలీసు పాత్ర, 2011 నుంచి 2018 దాకా నోకర్‌బెర్గ్ బీరు ఉత్సవంలో బవేరియా మాత వేషంలో ఎదురుగా కూర్చున్న మంత్రులను దులిపే ప్రసంగం, మిగతా కాలమంతా సొంత ప్రదర్శనలు. అదే సీరియల్‌లో ముఖ్యపాత్ర వేసిన ఆండ్రెయాస్ గీబెల్ కూడా కబరే మనిషే. బవేరియా దాటితే వీళ్ళని గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. పోల్ట్ మాత్రం దాటాడు.

నేను ఆయన్ని చూసింది మ్యూనిక్ బయట ఒక ఊళ్ళో, వెల్ సోదరులతో. వాళ్ళింట్లో మొత్తం 15 మంది పిల్లలు, అందరికీ సంగీతం వచ్చు. 1976లో ముగ్గురన్నదమ్ములు కట్టిన పాత బృందం 2012లో విడిపోయింది. తర్వాత వేరే అన్నదమ్ముల కూర్పుతో వెల్ సోదరులుగానే వస్తున్నారు. హార్ప్, ట్రంపెట్, ట్యూబా, నేలకానే పొడుగు ఆల్ప్‌హార్న్, ఏది పడితే అది వాయిస్తారు, పాటలో ఆ ఊరి మేయరు పేరు దూరుస్తారు. వాళ్ళు వాయిస్తున్నంతసేపు పోల్ట్ ఒక పక్క కుర్చీలో, బస్సు కోసం ఎదురుచూసేవాడిలా కూర్చుంటాడు. తర్వాత లేచి, సగం వాక్యంలోంచి మొదలుపెడతాడు. ముందు వరసలో ఆ మేయరు కూడా నవ్వుతున్నాడు. తన గురించేనని తెలిసే నవ్వుతున్నాడనుకుంటాను.

నాకు అసూయ కలిగించిన సంగతి ఒకటుంది. నేను పెరిగిన కాలంలో తెలుగు సినిమాలో మా తెలంగాణ యాస రౌడీకో, పనివాడికో, నవ్వించేవాడికో ఇచ్చేవాళ్ళు. డాక్టరు, జడ్జి, హీరో కృష్ణా జిల్లా తెలుగు మాట్లాడేవాళ్ళు. వీ6లో తీన్మార్ వార్తలు, బిత్తిరి సత్తి వచ్చాక మా ఇంట్లో మాట టీవీలో వినడం కొంత అలవాటైంది, కానీ అదీ ఎక్కువగా నవ్వుల ఖాతాలోకే పోయింది. పోల్ట్ దగ్గర బిషప్పుకీ యాసే, బ్యాంకు మేనేజరుకీ యాసే, మోసపోయినవాడికీ మోసగాడికీ యాసే. అక్కడ యాస విని మనిషి తెలివి కొలవలేం. ఆయన్ని బవేరియావాళ్ళు తలకెత్తుకోవడానికి నాకు తోచిన పెద్ద కారణం ఇదే: ఆయన వాళ్ళని ఎంత ఏకిపారేసినా, పైనుంచి చూస్తూ చెయ్యడు.

మీరు చూడాలనుకుంటే ‘నికొలావుజి’ అనే చిన్న సన్నివేశంతో మొదలుపెట్టండి. ఈస్టర్ కుందేలు బొమ్మని బుడ్డోడు క్రిస్మస్ తాత అంటాడు, తండ్రి కాదంటాడు, ఆ రెండు మాటల మీదే తండ్రికి పిచ్చెక్కిపోతుంది. ఏ1 జర్మన్, అంటే మొదటి మెట్టు, చాలు. తర్వాత ‘మాన్ ష్ప్రిష్ట్ డాయిచ్’. యాస చెవికి పట్టాక సీరియల్‌కి రండి, మొదట్లో సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, సిగ్గేం లేదు, ఉత్తర జర్మనీలోని హాంబర్గ్ వాళ్ళూ పెట్టుకుంటారు. ‘మాయ్ లింగ్’ చివర్లో, ఒక్కరే కాకుండా ఎవరైనా ఇక్కడివాళ్ళతో కూర్చుని చూడండి, అయ్యాక దాని మీద మాట్లాడండి. హాల్లో చూసే ఉద్దేశముంటే వాయిదా వెయ్యొద్దు, ఆయనకు ఎనభై దాటాయి. మ్యూనిక్ షోల టికెట్లు ఇట్టే అయిపోతాయి కాబట్టి చుట్టుపక్కల చిన్న ఊళ్ళవి వెతకండి. తిరిగి రావడానికి చివరి ఎస్-బాన్ (లోకల్ రైలు) టైము మాత్రం ముందే చూసుకోండి.