చివరిసారి కలిసి కనిపిస్తే హత్య రుజువైనట్టేనా?

ప్రశ్న: హత్య కేసులో మా తమ్ముడికి సెషన్స్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసి పద్నాలుగు నెలలైంది. వాడు చీమకు కూడా హాని చేయడని ఊరంతా చెబుతుంది. అమ్మ మంచం పట్టింది. సోమవారం రాత్రి 7 గంటలకు కల్లు దుకాణం దగ్గర మృతుడితో వాణ్ని చూశానని ఒకతను సాక్ష్యం చెప్పాడు. బుధవారం ఉదయం కాలువలో శవం దొరికింది. మా వాడు చూపించాడంటూ పోలీసులు కత్తి పట్టుకొచ్చారు. అప్పీలు వేయిస్తానని ఒక గుమాస్తా డబ్బు తీసుకున్నాడు. ఇప్పుడా సాక్షి, అబద్ధం చెప్పానని అఫిడవిట్ ఇస్తానంటున్నాడు. కొంత ఖర్చవుతుందట. ఇప్పించమంటారా?

జవాబు: వద్దు. ఎందుకో తర్వాత చెబుతాను.

మీ తమ్ముడి మంచితనం హైకోర్టుకు అక్కర్లేదు. అక్కడ చదివేది కింది కోర్టు రికార్డునే. మీరు పంపిన తీర్పులో నాకు పనికొచ్చింది ఒకే వాక్యం. బుధవారం మధ్యాహ్నం 2 గంటలకు పోస్టుమార్టం చేసిన డాక్టరు, మరణం 24 నుంచి 36 గంటల ముందు సంభవించి ఉండవచ్చన్నారు. అంటే మంగళవారం తెల్లవారుజామున 2 గంటలకూ మధ్యాహ్నం 2 గంటలకూ నడుమ. సాక్షి చూసింది సోమవారం రాత్రి 7కి. ఎంత తక్కువ లెక్కేసినా ఏడు గంటల ఖాళీ, ఎక్కువైతే పంతొమ్మిది. ఆ వ్యవధిలో మృతుడు ఎక్కడున్నాడో, ఎవరిని కలిశాడో ప్రాసిక్యూషన్ చెప్పలేదు, జడ్జిగారూ అడగలేదు. మీ కేసు తేలేది ఇక్కడే.

కళ్లారా చూసినవారు లేని కేసులో పరిస్థితులన్నీ గొలుసులా కలిసి నిందితుణ్ని తప్ప మరెవరినీ చూపకూడదని 1984లో శరద్ బిర్దిచంద్ సార్దా తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. చివరిసారి కలిసి కనిపించడానికీ మరణానికీ మధ్య మూడో మనిషి దూరే సందు ఉండకూడదని తర్వాతి తీర్పులూ అన్నాయి.

ఇక కత్తి. గుంటూరు నుంచి బ్రిటిష్ కాలపు ఆఖరి అప్పీలు కోర్టైన లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసు నాటి నుంచీ ఉన్న సూత్రమే ఇది: కస్టడీలో చెప్పినదాంట్లో వస్తువు బయటపడటానికి దారితీసిన ముక్కే చెల్లుతుంది, ‘దీనితోనే పొడిచాను’ అన్నది చెల్లదు. పైగా కత్తి దొరికింది ఇరవై రోజుల తర్వాత, నలుగురూ తిరిగే కాలువగట్టు మీది పొదలో. ఫోరెన్సిక్ నివేదికలో మనిషి రక్తం అని ఉంది, గ్రూపు తేలలేదు. దీనొక్కదాని మీద గెలవలేరు కానీ ఆ ఖాళీకి తోడు పెట్టవచ్చు.

మీవైపు లోపమూ ఉంది. జడ్జిగారు అడిగిన ప్రతి ప్రశ్నకూ మీ తమ్ముడు ‘తెలియదు’ అన్నాడు. ఆ రాత్రి ఎన్నింటికి విడిపోయారో ఒక్క ముక్క చెప్పి ఉండాల్సింది. మౌనం తెగిన గొలుసును అతకదు, అయినా ప్రాసిక్యూటర్ దాన్ని తప్పకుండా ఎత్తుతారు.

ఇప్పుడు అఫిడవిట్ సంగతి. ఆ సాక్షి చెప్పింది అక్షరాలా నిజమే అనుకున్నా నేరం రుజువు కాలేదన్నదే మీ బలం. అలాంటప్పుడు అతణ్ని కొనడం దేనికి? శిక్ష పడ్డాక మాట మార్చే సాక్షిని కోర్టు అనుమానంగానే చూస్తుంది. డబ్బు చేతులు మారినట్టు తేలితే మీమీదా కేసు పడుతుంది, ఉన్న మంచి వాదనా మైలపడుతుంది.

అసలు తప్పు గుమాస్తా దగ్గర జరిగింది. హైకోర్టులో అప్పీలుకు గడువు 60 రోజులు. తీర్పు నకలుకు పట్టిన రోజులు మినహాయిస్తారు. పద్నాలుగు నెలల్లో ఒక్కసారైనా అప్పీలు నంబరు అడగాలనిపించలేదా? మీ తమ్ముడి పేరుతో ఏదైనా దాఖలైందేమో హైకోర్టు వెబ్‌సైట్‌లో ఈరోజే వెతకండి. లేకపోతే ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్, దానితోపాటు అప్పీలు, శిక్ష నిలిపివేసి బెయిలు ఇవ్వమని మరో పిటిషన్ వేయాలి. జైల్లో ఉన్నవాడి ఆలస్యాన్ని కోర్టులు సాధారణంగా కఠినంగా చూడవు. కానీ డబ్బు ఎప్పుడు, ఎవరికి ఇచ్చారో తేదీలతో సహా ఉన్నదున్నట్టు రాయండి. ఫీజుకు ఇబ్బందైతే జైలు సూపరింటెండెంట్ ద్వారానే అప్పీలు పంపవచ్చు. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా హైకోర్టు న్యాయసేవల కమిటీ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

ఎవరి దగ్గరికి వెళ్లినా డాక్టరు వాంగ్మూలం నకలు, క్రాస్ ఎగ్జామినేషన్ పేజీలతో సహా తీసుకెళ్లండి. మరణ సమయం గురించి మీ న్యాయవాది అప్పట్లో ఒక్క ప్రశ్నైనా వేశారో లేదో ముందు అందులో చూడాలి.