జపాన్‌లో ఇళ్ళు ఖాళీగా ఉన్నాయంట, వెళ్ళిపోతే సెటిల్ అయిపోవచ్చా?

డిగ్రీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి అడిగింది. జపాన్, జర్మనీల్లో ముసలివాళ్ళు ఎక్కువైపోయి పనికి మనుషులు దొరకట్లేదంట, ఇళ్ళు కూడా ఖాళీగా పడున్నాయంట, వెళ్తే జాబూ ఇల్లూ రెండూ ఈజీ అని కన్సల్టెన్సీ వాళ్ళు చెప్తున్నారు, నమ్మొచ్చా అని.

సగం నమ్మొచ్చమ్మా. విన్నవి రెండూ నిజాలే, కాకపోతే చాలాసార్లు ఆ రెండూ ఒకే ఊళ్ళో దొరకవు, అదే చిక్కు. జపాన్‌లో 2023 సర్వేలో దాదాపు 90 లక్షల ఇళ్ళు ఖాళీ అని తేలింది, అంటే ఏడింట్లో ఒకటి అనుకో. కానీ చవగ్గా ఇచ్చేస్తున్నారని వీడియోల్లో చూపించేవి ఎక్కువగా పల్లెల్లోవి, పిల్లలు సిటీకెళ్ళిపోయి పెద్దవాళ్ళు పోయాక తాళం పడ్డవి. కుర్రాళ్ళంతా టోక్యో లాంటి చోటికే చేరతారు కాబట్టి అక్కడ అద్దెలు దిగిరావు. పైగా జపాన్‌లో ఇల్లు కొన్నంత మాత్రాన వీసా రాదు, ఇది మాత్రం ఎవరూ చెప్పరు! ఇంకోటేంటంటే నలుగురున్న ఇంట్లో ఇప్పుడు ఒక్క ముసలావిడే ఉంటుంది, జనం తగ్గినా ఆ ఇల్లు అద్దెకి రాదు కదా.

కెనడాలో కథ వేరు. 2023 ఒక్క ఏడాదిలోనే 12 లక్షల మందికి పైగా జనాభా పెరిగింది, అందులో స్టూడెంట్లు, టెంపరరీ వర్కర్లే ఎక్కువ, ఇళ్ళు ఆ స్పీడులో కట్టలేరు, అద్దెలు మండిపోయాయి, 2024 జనవరిలో స్టూడెంట్ పర్మిట్లకి లిమిట్ పెట్టేశారు. బ్రిటన్ అయితే 2022లో కేర్ వర్కర్లకి, అంటే ముసలివాళ్ళని దగ్గరుండి చూసుకునేవాళ్ళకి, వీసా ఓపెన్ చేసి 2025 జులైలో బయటి దేశాల నుంచి కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపేసింది. అక్కడ ముసలివాళ్ళేం తగ్గలేదు, తలుపు మాత్రం మూశారు. అందుకే దేశాన్ని చూసి కోర్సు ఎంచుకోవద్దు అంటాను.

కేర్ జాబ్ అంటే ఏంటో కూడా తెలుసుకో. మంచం మీంచి లేపి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, నైట్ షిఫ్టులు, నడుం పట్టేస్తుంది. జపాన్‌లో 2019లో మొదలైన స్కిల్డ్ వర్కర్ వీసాలో మొదటి రకం మీద వెళ్తే మామూలుగా ఐదేళ్ళ దాకానే అన్నది రూలు, ఫ్యామిలీని తీసుకెళ్ళలేవు, స్కిల్ టెస్టుతో పాటు జాపనీస్ కూడా పాసవ్వాలి. అక్కడే ఉండి కేర్ వర్కర్ నేషనల్ ఎగ్జామ్ పాసైతే వేరే వీసాకి మారొచ్చు, అప్పుడు ఫ్యామిలీకీ దారి ఉంటుంది. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే జర్మన్ భాష బీ1 లేదా బీ2 (మధ్యస్థాయి లెవెల్స్) దాకా రావాలి.

నర్సింగ్, ఫిజియోథెరపీ లాంటివి చదివితే ఒక దేశం వద్దన్నా ఇంకో దేశంలో పనికొస్తాయి, ఎక్కడికీ వెళ్ళకపోయినా పనికొస్తాయి. కన్సల్టెన్సీకి డబ్బు కట్టేముందు ఊరి పేరు, రూమ్ ఎవరిస్తారు, జీతంలో దానికెంత కట్ చేస్తారు, ఈ మూడూ కాగితం మీద రాయించుకో, రాసివ్వకపోతే లేచి వచ్చేయ్. నీ డిగ్రీ ఏ సబ్జెక్టో రాయలేదు, అది చెప్తే మిగతాది మాట్లాడదాం.