థార్ లేపాలంటున్న మా అల్లుడికి

అల్లుడూ,

నువ్వు పంపిన వీడియో చూశాను. ఇంటి ముందర జాకీ పెట్టుకోని రెండు స్పానర్లతో థార్ జీపుని చక్రాల మీద రెండంగుళాలు ఎత్తు లేపేసినట్టు చూపిస్తుండాడు వాడు, తుప్పు పట్టిన నట్టు ఊడి రాక కొట్టుకున్న టైమంతా కోసేసి ఉంటాడులే. ఇంట్లో చేసుకుందునా షెడ్డుకి ఇద్దునా అని అడిగావు గదా, నన్నడిగితే వెనక కమాన్లు, అదే బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులు, నువ్వే మార్చుకో, ముందు పక్క మాత్రం డబ్బులిచ్చి చేయించు. ఇద్దరికీ నచ్చేటట్టు సగం సగం చెప్తుండానని అనుకోబాక, నీ బండి కట్టుబడే అట్టా ఉంది, పాత సీఆర్‌డీఈ థార్‌కి వెనక కమాన్ కట్టలు, ముందర టార్షన్ బార్లు, అంటే మెలితిరిగి స్ప్రింగులాగా పనిచేసే ఉక్కు కడ్డీలు.

అసలు ఎందుకు లేపుతున్నావో ముందు తేల్చుకో. నువ్వు రోజూ తిరిగేది అల్లూరు పక్క రొయ్యల గుంటల గట్ల మీద, వాన పడ్డాక ట్రాక్టర్ చాళ్లు లోతుగా పడుంటయ్, అక్కడ కింద ఏం తగులుతుందో ఒకసారి పడుకోని చూడు. చాసిస్ కాదు, వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ ముద్ద, రెండు చక్రాలకీ బలం పంచే గేర్ల డబ్బా. బండిని లేపే కిట్ వేస్తే చాసిస్, బాడీ పైకి పోతయ్ గానీ ఆ ఇరుసు చక్రాల మధ్యలోనే ఉంటది, అంగుళం కూడా లేవదు. అది లేవాలంటే పెద్ద టైర్లే దిక్కు, అదీ టైరు ఎత్తు రెండంగుళాలు పెంచితే కింద వచ్చేది ఒక్క అంగుళమే. మరి కిట్ ఎందుకూ అంటే ఆ పెద్ద టైరు మడ్‌గార్డ్‌కి రాసుకోకుండా ఉండటానికి, ఉదయగిరి పక్క కొండదారుల్లో రాయి ఎక్కేటప్పుడు ముందు మూతి, మధ్యలో పొట్ట తగలకుండా ఉండటానికి. అందుకైతే లేపు. నీ బండి అడుగుకీ నేలకీ మధ్య కంపెనీ వాళ్లిచ్చిన ఖాళీయే 200 మిల్లీమీటర్లు, 2020లో వచ్చిన కొత్త థార్‌కి 226, కాబట్టి నీకు ఆ కోరిక పుట్టడంలో తప్పేం లేదు. ట్రంకు రోడ్డులో నలుగురూ చూడాలని అయితే మాత్రం నాకు ఫోన్ చెయ్యబాక.

ఇంక వెనక పని. కొలతతో మొదలుపెట్టు. చదును నేల మీద బండి నిలబెట్టి, చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచుదాకా నాలుగు పక్కలా టేపు పెట్టి గోడ మీద రాసుకో, నేల నుంచి కొలిస్తే టైర్లో గాలి తేడా వచ్చి మోసపోతావ్. కుడి పక్క కాస్త కుంగి ఉంటే కంగారు పడబాక, డ్రైవర్ కూర్చునే పక్క గదా, పాత కట్టలు అట్టాగే దిగుతయ్. మీది సముద్రం గాలి, పైగా ఉప్పు నీళ్ల గుంటలు, కట్టని ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్ట్ నట్లు మాటకి ఊడవు. రెండు మూడు రోజుల ముందు నుంచే వైరు బ్రష్‌తో మరలు రుద్ది ఆయిల్ కొట్టి నాననియ్. అప్పటికీ కదలకపోతే గ్రైండర్‌తో కోసి పారెయ్, ఎట్టాగూ పాత యూ బోల్టులు తిరిగి వాడేది లేదు, ఒకసారి బిగించాక సాగి ఉంటయ్, రెండోసారి ఆ పట్టు రాదు. ఇరుసు గొట్టం లావు, కొత్త కట్ట మందం కొలుచుకోని నెల్లూరు ఆటోనగర్‌లోనో ఒంగోల్లోనో కమాన్ షాపుకి పోతే కొత్తవి వంచి ఇస్తారు.

జాకీని నమ్మి కిందికి దూరబాక. చాసిస్ కింద రెండు పక్కలా స్టాండ్లు పెట్టు, మట్టి నేలయితే వాటి కింద మందపాటి చెక్క వెయ్, సిమెంట్ ఇటుకలు మాత్రం వద్దే వద్దు, చీమకుర్తి క్వారీలో ఇన్నేళ్లు టన్నుల రాళ్ల మధ్య పనిచేసినోణ్ణి చెప్తున్నా, అవి చెప్పాపెట్టకుండా పగుల్తయ్. ఇరుసు కింద ఇంకో జాకీ పెట్టి నిదానంగా దించు, దించేటప్పుడు బ్రేక్ హోస్ మీద కన్నేసి ఉంచు, అది తీగలాగా బిగుసుకుందంటే పొడుగు హోస్ కావాలని అర్థం. కొత్త కట్ట కూర్చోబెట్టేటప్పుడు పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్ట్ తల ఇరుసు సీటు బొక్కలో దిగిందో లేదో వేలు పెట్టి చూసుకో, అది దిగకుండా బిగించావంటే ఇరుసు వంకరగా కూర్చోని బండి ఎండ్రకాయలాగా పక్కకి నడుస్తది. కట్ట వెనక చివరని చాసిస్‌కి వేలాడదీసే షాకిల్ బోల్టులు, కట్ట ముందు కన్ను బోల్ట్ అప్పటికి చేత్తో పట్టించి వదిలేయ్, బండి కిందికి దించి చక్రాల మీద బరువు పడ్డాక నాలుగుసార్లు ఊపి అప్పుడు బిగించు, గాల్లో ఉండగానే బిగిస్తే రబ్బర్ బుష్షులు మెలిపడి తొందరగా చిరిగిపోతయ్. వెనక ఇరుసుకి రాడ్‌తో కలిపి, బరువుని బట్టి బ్రేక్ సర్దే లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉంటే దాని రాడ్ కూడా సరిచెయ్యాలి, లేకపోతే బండి ఖాళీగా ఉందనుకోని వెనక బ్రేక్ తగ్గించేస్తది. కట్టలు ఎందుకు, పొడుగు షాకిల్ వేస్తే చాలు చవగ్గా అయిపోద్ది అని ఎవడో ఒకడు చెప్తాడు, షాకిల్ రెండంగుళాలు పెంచితే లేచేది అంగుళమే, పైగా పినియన్ కోణం, అంటే ఇరుసు ముద్దలోకి షాఫ్ట్ దూరే చోట వాలు, మారి ఇంజిన్ బలాన్ని వెనక్కి మోసే ప్రొపెల్లర్ షాఫ్ట్ వణుకుతది.

ముందు పక్క నిజానికి ఇంతకన్నా సులువు, నా భయం కూడా అదే. టార్షన్ బార్ చివర బోల్ట్ తిప్పితే మూతి లేస్తది, కిట్ కూడా అక్కర్లేదు, పది నిమిషాల పని. బోల్ట్ తిప్పడానికి డబ్బులెందుకు మామా అంటావ్. తిప్పడానికి కాదురా, తిప్పిన తర్వాత వచ్చే వాటికి. మూతి లేచిన కొద్దీ చక్రాన్ని పట్టుకోని ఉండే ఆర్మ్‌లు కిందికి వాలతయ్, చక్రం గుంటలో పడితే ఇంకా దిగడానికి చోటుండదు, టక్కుమని స్టాపర్‌ని కొడతది, బార్ గట్టిపడింది అనుకుంటారు గానీ బార్ అదే బార్. ముందు చక్రానికి బలం అందించే సీవీ జాయింట్ కోణం పెరిగి, దాని మీద తొడిగిన బూట్ రబ్బరు మడతలు ఒకదానికొకటి రాసుకోని చిరుగుతయ్, రిమ్ లోపల పక్క గ్రీజు నల్లగా చారలు కొట్టిందంటే అయిపోయినట్టే, ఆ చిరుగులోంచి పెన్న ఇసక దూరితే జాయింటే మార్చుకోవాలి. క్యాంబర్ అనే చక్రం పక్క వాలు, టో అనే చక్రాల ముందు తిరుగుడు రెండూ మారి టైర్లు ఒక పక్కే అరుగుతయ్. అందుకని ముందర అంగుళం, మహా అయితే అంగుళంన్నర, అంతకు మించి లేపనియ్యబాక, అది కూడా అలైన్‌మెంట్ మిషన్ ఉన్నచోటే. హెడ్‌లైట్లు కూడా అక్కడే దింపించు, లేకపోతే హైవే మీద ఎదురొచ్చేవాడి కళ్లల్లో కొడతయ్.

షెడ్డు వాడు ఎన్ని అంగుళాలు కావాలి సార్ అని మొదలుపెడితే టీ తాగి వచ్చేయ్. ఏ టైర్ వేస్తావ్, యాడ తిప్పుతావ్ అని అడిగేవాడికి ఇయ్యి. ఎంత బిగువో కొలిచి బిగించే టార్క్ రెంచ్ ఉందో లేదో చూడు, ఇంపాక్ట్ గన్‌తో బర్రుమనిపించి వదిలేసేవాళ్లే ఎక్కువ. అలైన్‌మెంట్ కాగితం పనికి ముందుదీ తర్వాతదీ రెండూ తీసుకో. నీ ఫ్రెండ్ కొత్త థార్‌కి మాత్రం ఈ లెక్కలు చెప్పబాక, దాని ముందు కాయిల్ స్ప్రింగులు స్ప్రింగ్ కంప్రెసర్ అనే పనిముట్టుతో నొక్కి తీయాలి, జారిందంటే మనిషి మిగలడు.

చట్టం సంగతి కూడా విను, నచ్చకపోయినా. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేటట్టు బండి మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా వెయ్యొచ్చు. షెడ్డులో చేయించినా బిల్లు చూపించి తప్పించుకోలేవు, ఓనర్‌వి నువ్వే. కిట్ కొనకముందే ఆర్టీఓ ఆఫీసులో అడిగి, ఇన్సూరెన్స్ వాళ్లకి రాసిచ్చి జవాబు తీసుకో, రేపు యాక్సిడెంట్ అయితే వాళ్లు ముందు చూసేది అదే.

అంతా అయ్యాక ఒక వంద కిలోమీటర్లు నిదానంగా తిప్పి యూ బోల్టులు మళ్లీ బిగించాలి, కొత్త కట్ట సర్దుకోని నట్లు కచ్చితంగా వదులవుతయ్. టార్క్ రెంచ్ కొనబాక, నాది ఊరికే పడుంది, ఈడికి వచ్చి తీసుకోని పో, వచ్చేటప్పుడు బండి కొలతలు రాసుకున్న కాగితం తెచ్చుకో.

మీ మామ