రైడర్‌ను ఎంచేటప్పుడు ఏం చూడాలంటే

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

చంద్రగిరి మండలం కబడ్డీ సెలక్షన్స్ నీకే అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమైంది నాయనా. డిఫెన్స్ పిల్లల గురించి నీకు బెంగ లేదు, నువ్వూ కార్నర్‌లో, అంటే డిఫెన్స్ వరస చివర, ఆడినవాడివే. రైడర్ల దగ్గరే, అదే కూతకెళ్ళేవాళ్ళ దగ్గరే, టెన్షన్ పడుతున్నావట. అందుకే రాస్తున్నా.

ముందు స్కోర్‌షీట్ పక్కన పెట్టు. ఎవడు ఎన్ని పాయింట్లు తెచ్చాడో అందులో ఉంటుంది, ఎంతమంది మీద తెచ్చాడో ఉండదు. ఎదుట ఇద్దరే మిగిలినప్పుడు ఒకణ్ణి తాకి రావడం వేరు, ఏడుగురూ చేతులు పట్టుకుని కాచుకుని ఉన్నప్పుడు తాకి రావడం వేరు. బోనస్‌ను, అంటే అవతల బోనస్ గీత దాటితే వచ్చే పాయింట్‌ను, టచ్‌తో, అంటే డిఫెండర్‌ను తాకి తెచ్చే పాయింట్‌తో, కలిపి లెక్కపెట్టవద్దు. బోనస్‌తో స్కోరు పెరుగుతుందే గానీ అవతల ఎవడూ అవుటవడు, అవుటై బయట కూర్చున్న మనవాడు లోపలికి రాడు. టచ్‌తో ఆ రెండూ జరుగుతాయి. పైగా అవతల ఆరుగురన్నా ఉంటేనే బోనస్. ఐదుగురు మిగిలాక కూడా బోనస్ గీత వైపే కాలు చాపేవాడు ఆట చూడకుండా అలవాటుగా వెళ్తున్నాడన్నమాట.

అసలు సంగతి ఇప్పుడు చెప్తా. కూతకెళ్ళినవాడిని చూడకు, డిఫెండర్ల కాళ్ళు చూడు. మంచి రైడర్ కుడి కార్నర్ వైపు రెండడుగులు వేసి భుజం వంచాడంటే ఆ కార్నర్ కాలు వెనక్కి పోతుంది, పక్కనున్నవాడు వాడికి అండగా జరుగుతాడు, అక్కడ చైన్‌లో, అంటే చేతులు పట్టుకున్న డిఫెండర్ల వరసలో, మూరెడు సందు పడుతుంది. రైడర్ చూపు ఇంకా కార్నర్ మీదే ఉంటుంది, చెయ్యి మాత్రం వెనక్కి తిరుగుతూ కవర్‌ను, అంటే మధ్య వైపు నిలబడే డిఫెండర్‌ను, తాకుతుంది. ఒకవేళ ఆ చెయ్యి అందకపోయినా ఆ రైడ్‌ను సున్నా కింద రాయవద్దు. కార్నర్‌వాడు ఒకసారి బెదిరాడంటే మన రెండో రైడర్‌కు అక్కడ పని సులువవుతుంది. ఈ మేలు ఏ షీట్‌లోనూ పడదు, నువ్వే పట్టుకోవాలి.

ఖాళీ చేతులతో వచ్చిన రైడ్లన్నీ ఒకటి కావు. రెండు పాయింట్లు ముందుండి ఆఖరి నిమిషంలో, రైడ్‌కు ఇచ్చే 30 సెకన్లూ వాడుకుని, బాక్ లైన్ (రైడర్ తప్పక దాటాల్సిన గీత) దాటి క్షేమంగా తిరిగొచ్చినవాడు గట్టివాడు. అదే పిల్లాడు వెనకబడి ఉన్నప్పుడు కూడా అలాగే తిరిగొస్తే వాడిది భయం. ప్రో కబడ్డీలో వరసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడో రైడ్‌లో పాయింట్ తేవాలి, లేదా అవుట్. ప్రాక్టీస్ మ్యాచ్‌లో ఆ రూల్ పెట్టి ఆడించు, ఎవడి గుండె ఎంతో తేలిపోతుంది.

పట్టుబడటంలోనూ తేడా ఉంది. టో టచ్‌కు, అంటే కాలివేళ్ళతో తాకడానికి, చాపిన కాలు క్షణం ఆలస్యంగా తీసి యాంకిల్ హోల్డ్‌లో (చీలమండ పట్టులో) చిక్కితే అది నేర్పితే పోయే తప్పు. వచ్చే దారిలో ఎవరున్నారో చూసుకోకుండా వెన్ను చూపి దొరికేవాడితోనే కష్టం. అవతల ముగ్గురో, అంతకన్నా తక్కువో ఉన్నప్పుడు దొరికితే సూపర్ టాకిల్, వాళ్ళకు రెండు పాయింట్లు. అది తెలిసి కూడా ఆశపడి లోపలికి దూరేవాడిని ముందు వరసలో పెట్టవద్దు.

ప్రో కబడ్డీ రైడర్ పర్దీప్ నర్వాల్ 2017లో హర్యానా స్టీలర్స్ మీద ఒక్క రైడ్‌లో 8 పాయింట్లు తెచ్చిన వీడియో మన పిల్లలందరికీ కంఠతా వచ్చు. డుబ్కీ చేసినవాడల్లా, అంటే వంగి చైన్ కింద నుంచి దూరి వచ్చినవాడల్లా, వాళ్ళ కళ్ళకు హీరోనే. నువ్వు మాత్రం డుబ్కీకి మార్కులు వేయకు, వాడు ఏ చైన్ కింద దూరాడో, ఆ చైన్ ఎంత ఎత్తులో ఉందో చూసి వేయి.

చిన్న నోట్‌బుక్ దగ్గర పెట్టుకో. ప్రతి రైడ్‌కూ అవతల ఎంతమంది, మనం ముందా వెనకా, ఏం తెచ్చాడు, ఈ మూడూ రాస్తే చాలు. మ్యాచ్ అయ్యాక పిల్లాణ్ణి పిలిచి, "ఆఖరి రైడ్‌కు వెళ్ళినప్పుడు అవతల ఎంతమంది ఉన్నార్రా?" అని అడుగు. ఠక్కున చెప్పినవాడి పేరు కింద గీత గీసుకో. ఒక్క మ్యాచ్‌తో ఎవరినీ తీసేయకు, కనీసం రెండు చూడు.

సెలక్షన్స్ అయిన సాయంత్రం ఆ నోట్‌బుక్ తీసుకుని చిత్తూరు బస్సెక్కు. ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మామయ్య