గువాహటి కాటన్, సిమ్లా కాటన్, మన కాటన్ దొర ఒక్కరేనా?

గువాహటిలోని కాటన్ విశ్వవిద్యాలయం, సిమ్లా, బెంగళూరుల్లోని బిషప్ కాటన్ స్కూళ్ళు మన ధవళేశ్వరం కాటన్ దొర పేరు మీదే వెలిశాయా అని అడిగారు. కాదండీ. వీళ్ళు ముగ్గురు వేర్వేరు మనుషులు.

మాది కోనసీమ. ఏటా మే 15న కాటన్ దొర విగ్రహానికి దండలు వేయడం చూస్తూ పెరిగినవాణ్ణి. ఉద్యోగరీత్యా గువాహటిలో ఉన్న రోజుల్లో, పాన్‌బజార్‌లో దిఘలీపుఖురీ చెరువు దగ్గర ‘కాటన్’ అన్న బోర్డు కనపడగానే ప్రాణం లేచివచ్చింది. మా ఆఫీసులో చాలామంది తాము కాటనియన్లమని, అంటే ఆ కాటన్ కాలేజీలో చదివినవాళ్ళమని, ఛాతీ విరుచుకుని చెప్పుకునేవారు. ప్రఖ్యాత అస్సామీ గాయకుడు భూపేన్ హజారికా చదివిన కాలేజీ మరి! మీ కాటన్ ఎవరని అడిగితే, పదవీ విరమణకు దగ్గరపడిన ఒక పెద్దాయన ఓపికగా వివరించారు. ఆ తరువాత నేనూ వెతికి చదువుకున్నాను.

ఆయన సర్ హెన్రీ కాటన్. 1845లో మన దక్షిణాదిలోనే, కుంభకోణంలో పుట్టారు. ఐసీఎస్ అధికారిగా అస్సాం చీఫ్ కమిషనర్ అయ్యారు. 1901లో ఆయన హయాంలో మొదలైన కాలేజీయే నేటి విశ్వవిద్యాలయం. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది మాత్రం తేయాకు తోటల వ్యవహారంలో. కూలీల వేతనం పెంచాలని ఆయన పట్టుబడితే తోటల యజమానులు విరుచుకుపడ్డారు. వైస్రాయి కర్జన్ కూడా చివరికి ఆయనకు అండగా నిలవలేదు. 1902లో ఆయన ఉద్యోగం నుంచి తప్పుకున్నారు. ఆ తోటలకు గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూడా కూలీలను తరలించారు. అంటే ఆయన ఎవరి కూలి కోసం మాట పడ్డారో, వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారన్నమాట. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యమైనా ఉండాలని నా కోరిక. 1904లో బొంబాయి కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షుడు కూడా ఆయనే.

ఇక స్కూళ్ళ కాటన్ మతాచార్యుడు. పేరు జార్జ్ ఎడ్వర్డ్ లించ్ కాటన్. ఇంగ్లండులో మార్ల్‌బరో స్కూలు ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి, 1858లో కలకత్తా బిషప్‌గా వచ్చారు. సిమ్లా స్కూలు 1859లో, బెంగళూరు స్కూలు 1865లో మొదలయ్యాయి. 1866 అక్టోబరులో, నేటి బంగ్లాదేశ్‌లోని కుష్తియా వద్ద పడవ ఎక్కబోతూ కాలుజారి నదిలో పడి కొట్టుకుపోయారు. మృతదేహం కూడా దొరకలేదు.

మన ఆర్థర్ కాటన్ గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేముంది? 1821లో మద్రాసుకు వచ్చిన సైనిక ఇంజనీరు. గోదావరికి రాకముందు కావేరి డెల్టాలో కొల్లిడం నది మీద ఆనకట్టలు కట్టారు. హెన్రీ పుట్టిన కుంభకోణం ఆ డెల్టాలోదే. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కు పూర్తయింది. మా తాతగారి తరం రెండు పంటలు పండించిందంటే ఆ నీటి చలవే. 1899లో కన్నుమూసేవరకు ఆయన రైల్వేల కన్నా కాలువలకే ముందు ఖర్చు పెట్టాలని వాదించారు.

మీ అబ్బాయి ఈ విషయం మీద వ్యాసం రాస్తున్నాడన్నారు కదా. ‘సర్ కాటన్’ అని మాత్రం రాయనివ్వకండి. ఆర్థర్, హెన్రీ ఇద్దరికీ సర్ బిరుదు ఉంది, పైగా ఇద్దరూ మద్రాసు ప్రెసిడెన్సీతో ముడిపడినవాళ్ళే. పూర్తి పేరు, పక్కన హోదా రాయమనండి: ఇంజనీరు ఆర్థర్, బిషప్ జార్జ్, చీఫ్ కమిషనర్ హెన్రీ. వీలైతే ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియానికి ఒకసారి తీసుకెళ్ళండి. అక్కడ ఉన్నది మాత్రం అచ్చంగా మన ఆర్థర్ కాటనే.