కరువు పంటల పరిశోధనకు ఏ చదువు?

ప్రశ్న: మాది దేవరకొండ. బైపీసీ పూర్తిచేసిన మా అమ్మాయి, కరువును తట్టుకునే జన్యుమార్పిడి గోధుమ గురించి చదివి అలాంటి పరిశోధనే చేస్తానంటోంది. బీటెక్ బయోటెక్నాలజీ మంచిదా, బీఎస్సీ అగ్రికల్చరా? ఎండలో పొలాల వెంట తిరిగే చదువు నాకు ఇష్టం లేదు.

జవాబు: మీరు రెండు కోర్సుల గురించి అడిగినా, దిగులంతా చివరి వాక్యంలోనే ఉంది. అప్పు చేసి చదివించిన బిడ్డ మళ్లీ చేను గట్టునే నిలబడుతుందేమోనన్న మాట నల్లగొండ, పాలమూరు తల్లిదండ్రుల నుంచి ఏటా వింటున్నాను. ఆ భయంతోనే ఏసీ గదిలో ఉద్యోగమని నమ్మి బయోటెక్నాలజీ సీటుకు లక్షలు పోస్తున్నారు. ఆ కోర్సుపై నా అనుమానాన్ని దాచను. పేరు ఘనంగానే ఉంటుంది గానీ, బీటెక్ ఒక్కదానితో పంటల పరిశోధనలోకి వెళ్లే దారి చాలా ఇరుకు. నాకు తెలిసిన విద్యార్థుల్లో ఎక్కువమంది చివరకు సాఫ్ట్‌వేర్‌కే మళ్లారు.

మీ అమ్మాయి చదివింది బహుశా అర్జెంటీనా వారి హెచ్‌బీ4 గోధుమ గురించే. పొద్దుతిరుగుడు జన్యువు చేర్చిన ఆ రకానికి అక్కడ 2020లో అనుమతి వచ్చినా, ప్రధాన కొనుగోలుదారైన బ్రెజిల్ ఒప్పుకునేదాకా ఆగి, 2022లో గానీ వాణిజ్య సాగుకు వీలు కలగలేదు. ల్యాబ్‌లో జన్యువును చేర్చడంతో పని తీరదు. ఆ రకాన్నీ, జన్యువు చేర్చని మూలరకాన్నీ పక్కపక్క మళ్లలో విత్తి, పలుచోట్ల, పలు ఏళ్లు దిగుబడి తూచాలి. వానలు బాగా పడిన ఏడాది తేడా తెలియకపోవచ్చు కనుక, వాన రాగానే మడిపైకి జరిపే పైకప్పులతో కావాలని బెట్ట (నీటి ఎద్దడి) కల్పిస్తారు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పొడవాటి గొట్టాల్లో మొక్కలు పెంచి, ఆ గొట్టాలను ఎత్తి తూస్తూ మొక్క ఎంత నీరు వాడుకుందో లెక్కగడతారు. బెట్టకు ఆకు ఏ పూట ముడుచుకుంటుందో, ఏ పూట తేరుకుంటుందో చేలో చూడనివారు ఆ అంకెలతో ఏం చేస్తారు?

కాబట్టి బీఎస్సీ అగ్రికల్చరే చదివించండి. ఆపై మొక్కల ప్రజననంలో (కొత్త రకాలను రూపొందించే శాస్త్రం) గానీ, పంటల శరీరధర్మ శాస్త్రంలో గానీ ఎమ్మెస్సీ చేయవచ్చు. అందరికీ అన్నం పెట్టే పనిని బిడ్డ ముందు చిన్నచూపు చూడటం మాత్రం మానండి.

అయితే జన్యుమార్పిడి ఒక్కదాన్నే నమ్ముకోవద్దని అమ్మాయికీ చెప్పండి. మన దేశంలో 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి (పురుగును తట్టుకునే జన్యుమార్పిడి పత్తి) పక్కన అలాంటి మరో పంట నిలదొక్కుకోలేదు. బీటీ వంకాయ 2010లో ఆగింది, జన్యుమార్పిడి ఆవాల వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. పరాయి జన్యువు లేకుండా, మొక్క సొంత జన్యువునే దిద్దే జన్యు సవరణతో రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ రూపొందించిన వరి రకం డీఆర్ఆర్ ధాన్ 100ను మాత్రం 2025లో కేంద్రం ప్రకటించింది. బెట్టను కొలవడం నేర్చినవారికి గోధుమ లేకపోయినా వరి, కంది, వేరుశనగ ఉన్నాయి. శాస్త్రవేత్త కాలేకపోయినా విత్తన కంపెనీలు, వ్యవసాయ శాఖ, బ్యాంకుల్లోని వ్యవసాయ అధికారి పోస్టులు ఉంటాయి కనుక మీరు అంతగా భయపడనక్కరలేదు.

ఫీజు కట్టేముందు పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రానికి ఆమెను ఒకసారి తీసుకువెళ్లి, అక్కడ ప్రయోగ మళ్లలో పనిచేసేవారితో మాట్లాడించండి; మీరూ పక్కనే ఉండి వినండి.