2020-21 లీల్ జట్టుది అదృష్టం కాదు

పీఎస్‌జీ (పారిస్ సెయింట్-జర్మన్) లాంటి డబ్బున్న క్లబ్‌ని దాటి ఫ్రాన్స్‌లో ఇంకో జట్టు ఫుట్‌బాల్ లీగ్ గెలవాలంటే అదృష్టం కలిసిరావాల్సిందేనా అని అడిగారు. కాదండీ. 2020-21లో లీగ్ గెలిచిన లీల్ ఆడిన మ్యాచ్‌లు చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు.

ఆ సీజన్‌కి ముందు గోల్స్ కొట్టే ఒసిమెన్‌ని నాపోలికి, డిఫెండర్ గాబ్రియేల్‌ని ఆర్సెనల్‌కి అమ్మేశారు. గోల్స్ కొట్టడానికి తెచ్చుకున్నది 35 ఏళ్ల బురాక్ యిల్మాజ్‌ని, అదీ పైసా ఫీజు లేకుండా. ముసలాడు ఏం ఆడతాడని అందరూ పెదవి విరిచారు. ఆయన లీగ్‌లో 16 గోల్స్ కొట్టాడు. మధ్యలో, డిసెంబర్‌లో, అప్పుల గొడవతో క్లబ్ యాజమాన్యమే మారిపోయింది. అయినా కోచ్ గాల్టియే జట్టుని చెదరనివ్వలేదు.

నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుండేది 2021 ఏప్రిల్ 25న లియోన్ జట్టుతో వాళ్ల ఊళ్లోనే జరిగిన మ్యాచ్. మనకి అర్ధరాత్రి దాటాక మొదలైంది. అప్పుడిక్కడ కరోనా రెండో వేవ్, ఫోన్ మోగితేనే గుండె దడదడలాడే రోజులు. ఇంట్లో అందరూ పడుకున్నాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తున్నాను. 35 నిమిషాలకే లీల్ 2-0తో వెనకబడింది. ఇక టైటిల్ పోయినట్టే అనుకుంటుంటే హాఫ్‌టైమ్ ముందు బురాక్ ఫ్రీకిక్ తీసుకుని నేరుగా నెట్‌లోకి కొట్టాడు. రెండో సగంలో జోనాథన్ డేవిడ్ స్కోర్ సమం చేశాడు, ఆ పాస్ ఇచ్చిందీ బురాకే. 85వ నిమిషంలో బురాక్ ఒంటరిగా దూసుకెళ్లి, ముందుకొచ్చిన గోల్‌కీపర్ మీంచి బంతిని మెల్లగా లేపేశాడు. 3-2. అరవకుండా ఉండటానికి దిండు నోటికి అడ్డం పెట్టుకోవాల్సొచ్చింది.

కానీ అసలు లీగ్ గెలిపించింది వెనకున్నవాళ్లు. 37 ఏళ్ల కెప్టెన్ ఫోంటే, పక్కన సగం వయసు కాస్త దాటిన బాట్‌మన్, వాళ్ల వెనక గోల్‌లో మెన్యాన్. 38 మ్యాచ్‌ల్లో వాళ్లు ప్రత్యర్థులకి ఇచ్చింది 23 గోల్సే, ఓడింది మూడే. 21 మ్యాచ్‌ల్లో మెన్యాన్ ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. పీఎస్‌జీ 86 గోల్స్ కొట్టింది, లీల్ 64. చివరికి లీల్‌కి 83 పాయింట్లు, పీఎస్‌జీకి 82.

"పీఎస్‌జీ 8 మ్యాచ్‌లు ఓడింది కాబట్టి వీళ్లు గెలిచారు" అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అందులో ఒకటి లీల్ చేతిలోనే, పారిస్‌లోనే, 1-0తో. అంతకుముందు లీల్‌లో జరిగిన మ్యాచ్ 0-0. అంటే లీగ్‌లో రెండుసార్లు ఎదురుపడినా పీఎస్‌జీ వీళ్ల మీద ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయింది, ఇందులో అదృష్టం ఎక్కడుంది?

మనవాళ్లతో ఇదో తలనొప్పి. ఇంగ్లండ్ లీగ్ తప్ప ఇంకోటి చూడరు, మిగతావాటికి రెండు నిమిషాల హైలైట్స్ చూసి తీర్పులు చెప్పేస్తారు. హైలైట్స్‌లో లీల్ ఆటగాడు బెంజమిన్ ఆండ్రే కనపడడు. మిడ్‌ఫీల్డ్‌లో బంతి ఎటు పోతుందో ముందే పసిగట్టి లాగేసుకునే మనిషి, గోల్ కొట్టడు కాబట్టి ఎవరికీ పట్టడు. వీలైతే పారిస్‌లో జరిగిన ఆ 1-0 మ్యాచ్ మొత్తం చూడండి, బంతిని వదిలేసి ఆయన్నొక్కడినే చూడండి.